చేతికి లొంగే కెమెరా ఏది? కాంపాక్ట్‌లలో డయళ్లు, రింగులు, బటన్ల సంగతి

మొన్న మా ఇంట్లో పెళ్లికి మేనకోడలు ఒక పాత డిజిటల్ కెమెరా పట్టుకుని తిరిగింది. సెకండ్ హ్యాండ్‌లో కొన్నది, జేబులో పట్టేస్తుంది. తలంబ్రాల టైమ్‌కి మండపం ముందు మోకాళ్ల మీద కూర్చుని, దోసిట్లోంచి బియ్యం పైకి లేవగానే బటన్ నొక్కింది. తీరా ఫొటో చూస్తే బియ్యమంతా అప్పటికే కింద పడిపోయింది. మధుపర్కాలు తెల్లగా లేవు, నెల రోజులు ఉతకని పంచెల్లా బూడిదరంగులో ఉన్నాయి. పెళ్లికొడుకు చెయ్యి అలికేసినట్టు చెదిరిపోయింది.

"మామయ్యా, కెమెరా మంచిది కాదా, నాకే చేతకావట్లేదా?" అని అడిగింది.

రెండూ కావు. ఆ ఒక్క ఫొటోలో మూడు వేర్వేరు పొరపాట్లు ఉన్నాయి. బటన్ నొక్కాక ఫొటో పడడానికి పట్టిన టైమ్ ఒకటి, వెలుతురు గురించి కెమెరా వేసుకున్న అంచనా రెండోది, అది తనంతట తాను ఎంచుకున్న షట్టర్ స్పీడ్ మూడోది. విచిత్రం ఏమిటంటే ఈ మూడింటినీ ఎంతోకొంత సరిచేసుకునే ఏర్పాట్లు ఆ కెమెరాలో ఉన్నాయి. కాకపోతే అవన్నీ మెనూలో ఎక్కడో లోపల ఉన్నాయి. ఆ పిల్ల అక్కడికి చేరేలోపు మంగళసూత్రధారణ ఫొటోలు కూడా అయిపోయేవి.

కెమెరా డబ్బా మీద రాసేది లోపల ఏమున్నాయన్నదే. అవి చేతికి ఎంత తొందరగా అందుతాయో ఎవరూ రాయరు. ఈ వ్యాసమంతా ఆ రెండో సంగతి గురించే.

పాత కెమెరాలకు మళ్లీ గిరాకీ

కాంపాక్ట్ కెమెరా అంటే లెన్సు విడిగా ఊడదీయడానికి వీల్లేకుండా బాడీకే బిగించిన చిన్న కెమెరా. 2010లో జపాన్ కెమెరా తయారీదార్ల సంఘం లెక్కల ప్రకారం ఈ తరహావి ప్రపంచమంతటా కలిపి ఒక్క ఏడాదిలో 10 కోట్లకు పైగా షాపులకు చేరాయి. 2023 నాటికి ఆ సంఖ్య 20 లక్షల లోపుకు పడిపోయింది. ఫోన్ మింగేసింది, ఇంకేముంది అనుకున్నారు అందరూ.

అంతలో కథ అడ్డం తిరిగింది. 2024 ఫిబ్రవరిలో వచ్చిన ఫుజీఫిల్మ్ ఎక్స్100 సిక్స్ కోసం జనం నెలల తరబడి వెయిటింగ్ లిస్టుల్లో ఉన్నారు. 2019 నాటి కెనాన్ జీ7ఎక్స్ మార్క్ 3 సోషల్ మీడియా పుణ్యమా అని షాపుల్లో దొరకని సరుకైంది. అంత డబ్బు పెట్టలేని పిల్లలు ఇంట్లో బీరువా అడుగున పడున్న కూల్‌పిక్స్‌లు, సైబర్‌షాట్‌లు, ఇక్సస్‌లు బయటికి తీస్తున్నారు. తీసి, "మోడ్ డయల్ మీద ఈ అక్షరాలేంటి?", "రింగ్ తిప్పితే ఒకసారి జూమ్ అవుతుంది, ఇంకోసారి అవదేంటి?" అని అడుగుతున్నారు. ఫోన్‌తో పెరిగిన తరానికి ఈ ప్రశ్నలు రావడం సహజం. చాలా ఫోన్లలో ఫొటో తీసే బటన్ అద్దం మీద బొమ్మే.

కంట్రోల్స్ అంటే అసలు ఏవి?

ఫొటోలో పడే వెలుతురును మూడు సంగతులు నిర్ణయిస్తాయి. లెన్సులోని రంధ్రం ఎంత తెరుచుకుంది అన్నది అపర్చర్. వెలుతురును లోపలికి వదిలే తలుపు లాంటి షట్టర్ ఎంతసేపు తెరిచి ఉంది అన్నది షట్టర్ స్పీడ్. వచ్చిన సిగ్నల్‌ను కెమెరా ఎంత పెంచి చూపిస్తుంది అన్నది ఐఎస్ఓ. వీటికి తోడు ఫోకస్, జూమ్, ఫ్లాష్, "కెమెరా అనుకున్నదానికంటే కాస్త ఎక్కువ వెలుతురుతో తియ్యి" అని చెప్పే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్. ఈ చివరిదాన్ని మనవాళ్లు 'ప్లస్ మైనస్' అనేస్తారు. అదే నయం, నేనూ అలాగే అంటాను.

వీటిని మార్చడానికి ఉండే భాగాలన్నీ కలిపి షూటింగ్ కంట్రోల్స్. షట్టర్ బటన్, మోడ్ డయల్, లెన్సు చుట్టూ తిరిగే రింగ్, వెనకాల బొటనవేలి కింద ఉండే చక్రం, మనకు నచ్చిన పని అప్పగించుకునే ఎఫ్ఎన్ బటన్, టచ్ స్క్రీన్.

మోడ్ డయల్ మీద పీ, ఏ, ఎస్, ఎం అని కనిపిస్తాయి. పీలో అపర్చర్, షట్టర్ స్పీడ్ రెండూ కెమెరాయే చూసుకుంటుంది. ఏలో అపర్చర్ మనది, షట్టర్ దానిది. ఎస్‌లో తిరగేసి. ఎంలో రెండూ మనవే. కెనాన్ వాళ్లు ఏ, ఎస్ బదులు ఏవీ, టీవీ అని రాస్తారు. టీవీ అంటే టెలివిజన్ కాదు, టైమ్ వాల్యూ. వీడియో తీసే మోడ్ అనుకుని దాంట్లో పెట్టి ఫంక్షన్ అంతా తీసిన పెద్దమనిషి నాకు తెలుసు.

ఒక చిక్కు ముందే చెప్పుకోవాలి. చౌక కాంపాక్ట్‌లు చాలావాటిలో అపర్చర్‌ను మార్చే రేకులే ఉండవు. వెలుతురు ఎక్కువైతే లెన్సు దారిలోకి నల్లద్దాల లాంటి చిన్న ఫిల్టర్ ఒకటి వచ్చి అడ్డం పడుతుంది, అంతే. అలాంటి కెమెరాలో 'ఏ' మోడ్ లేదని తిట్టుకుని లాభం లేదు, అక్కడ మార్చడానికి ఏమీ లేదు. పాత కెనాన్ పవర్‌షాట్‌లకు ఔత్సాహికులు తయారుచేసిన సీహెచ్‌డీకే అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. కంపెనీ ఇవ్వని షట్టర్ స్పీడ్, రా ఫైల్ (కెమెరా ఏ మెరుగులూ దిద్దకముందు దాచిన ఫొటో) వగైరా దాంతో తెరుచుకుంటాయి. కానీ లేని రేకులను అది కూడా పుట్టించలేదు.

'స్టాప్' తెలిస్తే సగం గొడవ తీరుతుంది

కెమెరా భాషలో వెలుతురును స్టాపుల్లో కొలుస్తారు. ఒక స్టాప్ పెంచితే వెలుతురు రెట్టింపు, తగ్గిస్తే సగం. షట్టర్ సెకనులో 60వ వంతు నుంచి 30వ వంతుకు వస్తే ఒక స్టాప్ పెరిగినట్టు. ఐఎస్ఓ 400 నుంచి 800 అయితే ఒక స్టాప్. అపర్చర్ అంకెలు మాత్రం కాస్త తిక్కగా నడుస్తాయి: ఎఫ్2, 2.8, 4, 5.6, 8, 11, 16. అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది, ఒక్కో మెట్టుకూ వెలుతురు సగమవుతుంది. డయళ్లు ఎక్కువగా స్టాప్‌లో మూడో వంతు చొప్పున కదులుతాయి. అంటే మూడు 'టిక్'లు కలిస్తే ఒక స్టాప్.

ఇప్పుడు పెళ్లికొడుకు చేతి దగ్గరికి వద్దాం. తలంబ్రాలు పోసే చెయ్యి సెకనుకు ఒక మీటరు వేగంతో కదిలిందనుకోండి. మండపంలో వెలుతురు చాలక కెమెరా సెకనులో 30వ వంతు ఎంచుకుంది. ఆ కొద్దిసేపట్లోనే చెయ్యి 3 సెంటీమీటర్లకు పైగా జరిగిపోతుంది. చెదరక ఏం చేస్తుంది? అదే 125వ వంతు అయితే కదలిక 8 మిల్లీమీటర్లే. 30 నుంచి 125కి రెండు స్టాపులు. వెలుతురు నాలుగో వంతుకు తగ్గుతుంది కాబట్టి ఆ లోటు పూడ్చడానికి ఐఎస్ఓను 400 నుంచి 1600కి తీసుకెళ్లాలి. ఫొటోలో కొంచెం గరుకు కనిపిస్తుంది, చెయ్యి మాత్రం చెయ్యిలా ఉంటుంది.

ఇందుకే కంట్రోల్స్‌ను చూసేటప్పుడు నేను ముందు వెతికేది డయల్‌ను కాదు, మెనూలో ఒక వరుసను: ఆటో ఐఎస్ఓకు 'కనీస షట్టర్ స్పీడ్' పెట్టుకునే వీలుందా? ఉంటే 'ఎట్టి పరిస్థితుల్లోనూ 125 కంటే కిందికి దిగకు' అని ఒక్కసారి చెప్పి వదిలేయొచ్చు. ఇది కెమెరా పైకి కనిపించదు, షాపులో ఎవరూ చూపించరు. కానీ పెళ్లిళ్లలో, పిల్లల స్కూల్ ఫంక్షన్లలో నాలుగు డయళ్లు చేసే పని ఇదొక్కటే చేసేస్తుంది.

తెల్ల పంచె, నల్ల గేదె

మధుపర్కాలు బూడిదరంగులోకి ఎందుకు తిరిగాయి? కెమెరాలో వెలుతురును కొలిచే మీటరు ముందున్నది ఏ వస్తువో చూసి లెక్క వేయదు. చూసిన దృశ్యం సగటున మధ్యస్థమైన బూడిదరంగులో ఉంటుందని, పడిన కాంతిలో 18 శాతం దాకా తిరిగి వస్తుందని పాతకాలం నుంచీ ఒక అంచనా ఉంది, దాని చుట్టూనే లెక్క వేస్తుంది. ఫ్రేమ్ నిండా తెల్ల బట్ట ఉంటే "అబ్బో, వెలుతురు ఎక్కువైపోయింది" అనుకుని తగ్గించేస్తుంది. చెరువులో పడుకున్న నల్ల గేదెను నిండుగా తీస్తే తిరగేసి ఆలోచించి వెలుతురు పెంచేస్తుంది. పంచె, గేదె రెండూ ఒకే రంగులోకి వచ్చేస్తాయి.

తెల్ల బట్ట తన మీద పడ్డ కాంతిలో ఇంచుమించు 90 శాతాన్ని తిరిగి పంపుతుంది. 18కి ఐదు రెట్లు. స్టాపుల్లో చెప్పాలంటే రెండు పైచిలుకు. ఫ్రేమ్‌లో తెలుపు సగమే ఉంటే ప్లస్ 1 నుంచి 1.5 దాకా సరిపోతుంది. కొత్త కెమెరాలు ముఖాలను గుర్తుపట్టి, దృశ్యాన్ని ముక్కలుగా చూసి ఈ తప్పును చాలావరకు తగ్గించాయి. అయినా కాంపాక్ట్ చేతిలో ఉన్నంతసేపూ ఎక్కువసార్లు మార్చాల్సి వచ్చేది ఈ ప్లస్ మైనస్‌నే. సమీక్షకులు దీన్ని ముందు చూసేది అందుకే.

నాలుగు కంపెనీలు, మూడు దారులు

2009లో కెనాన్ ఎస్90 అనే కెమెరా తెచ్చింది. లెన్సు చుట్టూ ఒక రింగ్ పెట్టి, దాన్ని తిప్పితే ఏం మారాలో నువ్వే చెప్పుకో అంది. అపర్చర్ కావాలంటే అపర్చర్, ఐఎస్ఓ కావాలంటే ఐఎస్ఓ. ఎడమ చేతి వేళ్లు ఎలాగూ లెన్సు దగ్గరే ఉంటాయి కాబట్టి మంచి ఆలోచన. కానీ వెనక ఉన్న చక్రానికి టిక్‌టిక్‌మని ఆగే మెట్లు లేవు. వేలు తగిలితే చాలు తిరిగిపోయేది, సెట్టింగులు మనకు తెలియకుండానే మారిపోతున్నాయని కొన్నవాళ్లు గోల పెట్టారు. మరుసటి ఏడాది వచ్చిన ఎస్95లో ఆ చక్రానికి టిక్కులు పెట్టారు. రెండు కెమెరాల స్పెసిఫికేషన్లు పక్కపక్కన పెట్టి చదివితే ఈ తేడా ఎక్కడా కనిపించదు.

టిక్కుల గొడవ అక్కడితో అయిపోలేదు. 2012లో సోనీ ఆర్ఎక్స్100 వచ్చి, జేబులో పట్టే కెమెరాలోకి అంగుళం తరహా పెద్ద సెన్సర్ (వెలుతురును బొమ్మగా మార్చే చిప్) తెచ్చింది. దాని రింగ్ మాత్రం నున్నగా, ఎక్కడా ఆగకుండా తిరుగుతుంది. వీడియో తీసేటప్పుడు టిక్ శబ్దం రికార్డు అవదు, చేత్తో ఫోకస్ చేసుకుంటే మెత్తగా ఉంటుంది. కానీ అపర్చర్ మారుస్తుంటే ఎన్ని మెట్లు మారిందో వేలికి తెలియదు, స్క్రీన్ చూడాల్సిందే. రెండు వాదాల్లోనూ నిజముంది. ఆ రెంటికీ మధ్యేమార్గంగా 2016లో కెనాన్ జీ7ఎక్స్ మార్క్ 2లో ఒక మీట పెట్టింది. కావాలంటే రింగ్ టిక్కుమంటుంది, వద్దంటే నున్నగా తిరుగుతుంది. అంత చిన్న ముక్క మీద అంత ఆలోచించినవాళ్లంటే నాకు గౌరవం.

ఫుజీఫిల్మ్ దారి వేరు. 2011లో అమ్మకానికి వచ్చిన మొదటి ఎక్స్100కు మోడ్ డయలే లేదు. లెన్సు మీద అపర్చర్ రింగ్, పైన షట్టర్ స్పీడ్ డయల్, ఆ పక్కన ప్లస్ మైనస్ డయల్. మొదటి రెండింటి మీద ఏ అనే గుర్తు ఉంటుంది. రెండూ ఏ దగ్గర పెడితే అది పీ మోడ్. ఒకటే ఏలో ఉంటే రెండోది మన చేతిలో ఉన్నట్టు. రెండూ ఏ నుంచి బయటికొస్తే ఎం. యాషికా ఎంఎఫ్2 ఫిల్మ్ కెమెరా కాలం నాటి మనిషికి కూడా రెండు నిమిషాల్లో అర్థమైపోతుంది. ఇంకో సుఖం ఏమిటంటే కెమెరా ఆఫ్‌లో ఉన్నప్పుడు కూడా ఏది ఎక్కడుందో పై నుంచి చూస్తే తెలుస్తుంది. అదే కష్టం కూడా: బ్యాగులో రాసుకుని డయల్ మైనస్ 1కి జరిగితే, చూసుకోకపోతే పొద్దుటి ఫొటోలన్నీ చీకటే.

మొదటి ఎక్స్100కు ఇన్ని డయళ్లున్నా వచ్చినప్పుడు తిట్లు బాగానే తింది. ఫోకస్ నెమ్మది, చేత్తో ఫోకస్ చేయాలంటే రింగ్‌ను అదే పనిగా తిప్పుతూ ఉండాలి. ఆ తర్వాత ఇచ్చిన ఫర్మ్‌వేర్ (కెమెరా లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్లతో అదే రింగ్, అదే లోహం, వేరే కెమెరాలా పనిచేయడం మొదలుపెట్టింది. ఆ రింగుకీ లెన్సుకీ నేరుగా మర చుట్టు లేదు మరి. రింగ్ తిరిగిందని సాఫ్ట్‌వేర్‌కు కబురు వెళ్తుంది, ఎంత కదలాలో అది మోటారుకు చెబుతుంది. సెకండ్ హ్యాండ్‌లో కొన్న కెమెరాను పాత సమీక్ష చదివి అంచనా వేస్తే తప్పేది ఇక్కడే.

మూడోది రీకో జీఆర్. 1996 నాటి జీఆర్1 ఫిల్మ్ కెమెరా నుంచి వస్తున్న వంశం. వీధుల్లో నడుస్తూ ఒంటిచేత్తో తీసేవాళ్ల కోసం కట్టినట్టుంటుంది. 2019లో వచ్చిన జీఆర్3 బరువు బ్యాటరీ, కార్డుతో కలిపి 257 గ్రాములే, లోపల ఏపీఎస్-సీ అనే ఇంకా పెద్ద సైజు సెన్సర్. చూపుడువేలి కింద ముందు డయల్, బొటనవేలి దగ్గర ఏడీజే అనే మీట. ఆ మీటను లోపలికి నొక్కితే మనం ముందే ఎంచుకున్న ఐదు సెట్టింగులు వరుసగా వస్తాయి. కానీ సైజు తగ్గించే క్రమంలో జీఆర్2లో వెనక ఉన్న ప్లస్ మైనస్ మీటను జీఆర్3లో తీసేశారు. పాత అభిమానులు ఏళ్ల తరబడి దాని గురించే మాట్లాడారు. 2025లో జీఆర్4 వచ్చినప్పుడు ఆ మీట తిరిగొచ్చింది. మెగాపిక్సెల్స్ కంటే ఆ చిన్న మీట వార్తే వాళ్లకు పండగ.

బటన్ నొక్కాక ఏం జరుగుతుంది?

తలంబ్రాల బియ్యం తల మీద అర మీటరు ఎత్తు నుంచి కిందికి రావడానికి ఎంతసేపు పడుతుంది? స్కూల్లో చదివిన గురుత్వాకర్షణ లెక్కే. ఇంచుమించు 0.32 సెకను. కెమెరా ఫోకస్ వెతుక్కుని ఫొటో తీయడానికి అర సెకను తీసుకుందనుకుంటే, బియ్యం నేల మీద ఉంటుంది, ఫొటో ఖాళీగా ఉంటుంది. పాత కాంపాక్ట్‌లలో మసక వెలుతురులో ఇలాంటి ఆలస్యం మామూలే.

ఆలస్యంలో ఎక్కువ భాగం ఫోకస్‌దే. అందుకే షట్టర్ బటన్‌కు రెండు మెట్లుంటాయి. సగం నొక్కితే ఫోకస్ పట్టి ఆగుతుంది, పూర్తిగా నొక్కితే ఫొటో పడుతుంది. ముందే సగం నొక్కి ఉంచితే మిగిలే ఆలస్యం చాలా తక్కువ. దీంట్లో చూడాల్సింది ఆ సగం మెట్టు వేలికి తెలుస్తుందా లేదా అన్నదే. కొన్ని బటన్లు మెత్తటి ఇడ్లీ నొక్కినట్టుంటాయి, సగం ఎక్కడ అయిందో, పూర్తిగా ఎప్పుడు దిగిందో తెలియదు. మా మేనకోడలి కెమెరా ఆ రకం.

రీకో వాళ్లు దీనికి వేరే విరుగుడు కనిపెట్టారు, పేరు స్నాప్ ఫోకస్. అసలు ఫోకస్ వెతకడమే మానేసి, ముందే చెప్పిన దూరానికి, ఉదాహరణకు 2.5 మీటర్లకు, లెన్సును ఉంచేస్తుంది. బటన్‌ను ఒక్కసారిగా కిందికంటా నొక్కితే చాలు, ఫొటో పడిపోతుంది. జీఆర్3 లెన్సు 18.3 మిల్లీమీటర్లది. అపర్చర్ ఎఫ్5.6 పెట్టి 2.5 మీటర్లకు ఫోకస్ చేస్తే మామూలుగా వాడే లెక్క ప్రకారం దాదాపు 1.4 మీటర్ల నుంచి 15 మీటర్ల దాకా అంతా స్పష్టంగానే ఉంటుంది. అదే ఎఫ్2.8 పెడితే ఆ పరిధి 1.8 నుంచి 4.3 మీటర్లకు కుంచించుకుపోతుంది. అంటే పట్టపగలు బేగంబజార్ సందుల్లో ఈ పద్ధతి బ్రహ్మాండం. రాత్రి పూట మండపంలో అంత నమ్మకం పెట్టుకోకూడదు.

డయల్ చూపించేదంతా కెమెరా చేయగలదా?

డయళ్లున్న కెమెరా అంటే అంతా మన చేతిలోనే ఉన్నట్టు అనిపిస్తుంది. ఒక లెక్క వేసి చూద్దాం. మొదటి ఎక్స్100 షట్టర్ డయల్ మీద 4000 అని, అంటే సెకనులో 4000వ వంతు అని ఉంది, లెన్సు ఎఫ్2 దాకా తెరుచుకుంటుంది. మే నెల మిట్టమధ్యాహ్నం ఎండలో ఎఫ్2 దగ్గర తీయాలనుకున్నాం.

ఫిల్మ్ రోజుల నుంచీ ఒక బండ గుర్తు ఉంది: మంచి ఎండలో ఎఫ్16 పెడితే షట్టర్ స్పీడ్ ఐఎస్ఓ అంకెకు దగ్గరగా ఉండాలి. ఈ కెమెరా మామూలు కనీస ఐఎస్ఓ 200. కాబట్టి ఎఫ్16, 200వ వంతు. ఎఫ్16 నుంచి ఎఫ్2కి రావాలంటే ఆరు స్టాపులు. 200ను ఆరుసార్లు రెట్టింపు చేస్తే 12,800. డయల్ మీద ఉన్నది 4000 వరకే. సరే, 4000 అయినా వస్తుందా అంటే అదీ రాదు. ఈ కెమెరా షట్టర్ లెన్సులోపలే ఉండే లీఫ్ షట్టర్. రంధ్రం పూర్తిగా తెరిచి ఉన్నప్పుడు దాని రేకులు అంత దూరం అంత వేగంగా కదలలేవు. అందుకే ఎఫ్2 దగ్గర దాని హద్దు 1000, ఎఫ్4 దగ్గర 2000, 4000 కావాలంటే ఎఫ్8కి వెళ్లాలి. దీనికి తోడుగా వెలుతురును మూడు స్టాపులు తగ్గించే నల్లద్దం లాంటి ఎన్‌డీ ఫిల్టర్ లోపలే పెట్టారు. అది వేస్తే 12,800 కాస్తా 1600 అవుతుంది. ఇంకా 1000 కంటే ఎక్కువే! చివరికి ఎఫ్2.8 దగ్గర, ఫిల్టర్ వేసుకుని, 800వ వంతుతో బయటపడతాం.

ఆ ఫిల్టర్‌ను వేయడానికి ఒక బటన్‌ను కేటాయించుకోకపోతే ప్రతిసారీ మెనూ తెరవాల్సిందే. తర్వాతి మోడళ్లలో ఎలక్ట్రానిక్ షట్టర్ వచ్చి ఈ ఇబ్బంది చాలావరకు పోయింది. దాంతో వేరేవి వచ్చాయి: ఎలక్ట్రానిక్ షట్టర్ సెన్సర్‌ను వరుస వరుసగా చదువుతుంది కాబట్టి వేగంగా కదిలేవి వంకరపోతాయి, కొన్ని రకాల ఎల్ఈడీ లైట్ల కింద చారలు పడతాయి.

జూమ్ ఉన్నవాటిలో ఇంకో తిరకాసు. ఆర్ఎక్స్100 మీద ఎఫ్1.8 అని రాసి ఉంటుంది. అది పూర్తిగా వెనక్కి ఉన్నప్పటి మాట. జూమ్ చివరికి వెళ్తే అది ఎఫ్4.9 అవుతుంది, అంటే మూడు స్టాపులకు కాస్త తక్కువ నష్టం. మనం 'ఏ' మోడ్‌లో ఎఫ్2 పెట్టుకున్నా జూమ్ చేయగానే అది మన మాట వినదు. జీ7ఎక్స్ వరుసలో ఎఫ్1.8 నుంచి 2.8 వరకే జారుతుంది, స్టాపు పైచిలుకు. ఇది లెన్సు సంగతిలా కనిపిస్తుంది గానీ, కెమెరా మన మాట ఎంతవరకు నిలబెడుతుంది అన్న ప్రశ్న కూడా.

చేతలు లెక్కపెడితే

'కంట్రోల్స్ బాగున్నాయి' అన్న మాట చాలా సమీక్షల్లో కనిపిస్తుంది. ఎవరి చేతికి, ఏ పనికి బాగున్నాయో చెప్పకపోతే దానివల్ల ఏమీ తెలియదు. కాస్త నిక్కచ్చిగా చూసేవాళ్లు ఒక పని తీసుకుని దానికి ఎన్ని చేతలు పట్టాయో లెక్కపెడతారు.

ప్లస్ మైనస్‌ను సున్నా నుంచి ప్లస్ 1కి తేవడమే తీసుకుందాం. ఎక్స్100లో బొటనవేలితో డయల్ మూడు టిక్కులు తిప్పాలి, చూసే కిటికీ లాంటి ఫైండర్ నుంచి కన్ను తీయనక్కర్లేదు. టిక్కులున్న రింగ్‌కు ఈ పని అప్పగించిన కెమెరాలో కూడా మూడు టిక్కులే, కాకపోతే ఆ రింగ్‌కు ఇప్పుడు ఏ పని అప్పగించి ఉందో గుర్తుండాలి. నున్నటి రింగ్ అయితే తిప్పుతూ స్క్రీన్ చూడాలి. మేనకోడలి కెమెరాలో మధ్య బటన్ ఒకసారి, కిందికి ఒకసారి, కుడికి మూడుసార్లు, మళ్లీ మధ్య బటన్. మొత్తం ఆరు. నొక్కుకు అర సెకను వేసుకున్నా మూడు సెకన్లు, బియ్యం పడే టైమ్‌కి తొమ్మిది రెట్లు. పైగా ఆ మూడు సెకన్లూ చూపు పెళ్లి మీద ఉండదు, మెనూ మీద ఉంటుంది.

ఈ లెక్కకు కూడా పరిమితులున్నాయి. చేతలు తక్కువని మంచి కెమెరా అయిపోదు. పొరపాటున జరిగే చేతలు కూడా లెక్కలోకి రావాలి. జేబులోంచి తీసేటప్పుడు మోడ్ డయల్ తిరిగిపోవడం, గ్రిప్ పట్టుకోగానే బొటనవేలు వీడియో బటన్ మీద పడడం, చెమట పట్టిన చేతికి టచ్ స్క్రీన్ సరిగా పలకకపోవడం. మన ఎండల్లో స్క్రీన్ అసలు కనిపిస్తుందా అన్నది ఇంకోటి. ఫైండర్ లేని జీఆర్‌కు డయళ్లు ఎంత బాగున్నా మధ్యాహ్నం పూట ట్యాంక్‌బండ్ మీద అరచేయి అడ్డం పెట్టుకునే సెట్టింగులు చదవాలి. ఎడమచేతి వాటం వాళ్ల గతి మరీ అన్యాయం. షట్టర్ బటన్ కుడివైపే ఉండాలని ఎవరు శాసనం చేశారో గానీ, దాదాపు అందరూ దాన్నే పాటిస్తున్నారు.

అసలు ఇవన్నీ కావాలా?

ఇక్కడ మూడు వర్గాలున్నాయి, మూడింటి మాటలోనూ బలముంది.

డయళ్లు కావాలనేవాళ్లు చెప్పేది ఇది: ఒక్కో డయల్‌కు ఒక్కటే పని ఉంటే అలవాటు వేళ్లలోకి దిగుతుంది, బుర్ర బొమ్మ మీద ఉంటుంది. దానికి ఎదురుగా, మోడ్ డయల్, మార్చుకోగల బటన్లు చాలనేవాళ్లు అడిగేది కూడా న్యాయమే. షట్టర్ స్పీడ్‌ను రోజుకు ఒకసారి మార్చేవాడికి దానికోసం కెమెరా నెత్తిన అంత పెద్ద చక్రం ఎందుకు? ఆ చోటు అతను రోజూ వాడే దానికి ఇవ్వొచ్చు కదా. జీఆర్‌లో యూ1, యూ2, యూ3 అని మోడ్ డయల్ మీద మూడు స్థానాలుంటాయి. పగలు వీధికి ఒకటి, రాత్రి ఫంక్షన్‌కి ఒకటి ముందే సిద్ధం చేసుకుంటే ఒక్క తిప్పుతో పది సెట్టింగులు మారతాయి. ఈ పని ఏ డయళ్ల కెమెరా అంత తేలిగ్గా చేయలేదు. కాకపోతే వేరేవాళ్ల చేతికిస్తే వాళ్లకు ఒక్క బటన్ అర్థం కాదు.

మూడో వర్గం ఫోన్‌ది. నొక్కకముందే ఫోన్ ఫ్రేములు పోగు చేసుకుంటూ ఉంటుంది, వాటిలో కొన్నిటిని కలిపి తెలుపును తెలుపుగా, నలుపును నలుపుగా చూపిస్తుంది. ఏది మార్చాలో తెలియనివాడికి కంట్రోల్స్ ఇవ్వడం కంటే, మార్చే అవసరమే లేకుండా చేయడం మేలు అంటుంది. తలంబ్రాల ఫొటో ఆ రోజు ఫోన్‌తో తీసి ఉంటే బహుశా మధుపర్కాలు తెల్లగానే వచ్చేవి. కానీ చేతి కదలికను 125 దగ్గర ఆపాలా, 30 దగ్గర కావాలనే చెదరనివ్వాలా అన్న నిర్ణయం అక్కడ మనది కాదు. అది ముఖ్యం కాదనుకునేవాళ్లే ఎక్కువమంది, వాళ్లది తప్పని నేననను.

మేనకోడలి కెమెరాను ఆ రాత్రి భోజనాలయ్యాక తీసుకుని చూశాను. కనీస షట్టర్ స్పీడ్ పెట్టుకునే వీలు లేదు. ఎస్ మోడ్ లేదు. కానీ 'కిడ్స్ అండ్ పెట్స్' అని ఒక సీన్ మోడ్ ఉంది, పరిగెత్తే పిల్లల కోసం షట్టర్‌ను వేగంగా ఉంచేది. ప్లస్ మైనస్‌ను ప్లస్ 1 దగ్గర పెట్టి ఆఫ్ చేసి ఆన్ చేస్తే అక్కడే ఉంది, సున్నాకి వెళ్లలేదు. సగం నొక్కి ఉంచడం ఒక పది నిమిషాలు గ్లాసుల మీద ప్రాక్టీస్ చేయించాను. మర్నాడు అప్పగింతల దగ్గర తీసిన ఫొటోలో పెళ్లికూతురి కళ్లల్లో నీళ్లు కూడా స్పష్టంగా పడ్డాయి. సీన్ మోడ్‌లో ప్లస్ మైనస్ పనిచేయదని మాత్రం తర్వాత తెలిసింది, తెల్ల చీర మళ్లీ బూడిదరంగులోనే వచ్చింది.